బోర్మాలో వేడి, హాల్లో ప్రశ్నలు: పలాసలో మా జీడి ప్రాజెక్టు చూపించిన డైరీ

జీడిపప్పు ఎండబెట్టే గదిలో వేడి కొలిచే పెట్టె ఒకటి కట్టిన ఇంజనీరింగ్ విద్యార్థుల ఆరు వారాల డైరీ ఇది. సెన్సర్లు ఎలా కట్టామన్నది ఇందులో కొంతే. కట్టినదాన్ని రోజూ జీడిపప్పుతో పనిచేసేవాళ్ల ముందు పెట్టడానికి ఏమేం సిద్ధం చేశాం, అక్కడ ఏం నిలబడింది, ఏం కూలింది అన్నదే ఎక్కువ. జట్టులో ఐదుగురం: మెకానికల్ ఇద్దరు, ఈసీఈ ఇద్దరు, కంప్యూటర్ సైన్స్ ఒకరు.

ముందు పని గురించి రెండు ముక్కలు. పలాస-కాశీబుగ్గ ఫ్యాక్టరీల్లో పిక్కని ఉడికించి, కటింగు చేసి తీసిన పప్పు పొట్టుతోనే బోర్మాలోకి వెళ్తుంది. బోర్మా అంటే వేడిగాలి గది. అరలు, అరల్లో జాలీ ట్రేలు. 65 నుంచి 75 డిగ్రీల మధ్య ఆరేడు గంటలు ఉంచితే పప్పులో తేమ సుమారు 9 శాతం నుంచి 3-4 శాతానికి దిగుతుంది, పొట్టు ఎండి పప్పుని వదులుతుంది. తక్కువ ఎండితే పొట్టు రాదు, కత్తితో గీకాలి, పప్పుకి గాట్లు పడతాయి. ఎక్కువ ఎండితే పప్పు పెళుసెక్కి పీలింగులో (పొట్టు తీసేటప్పుడు) గుండు కాస్తా బద్ద అవుతుంది, అంటే నిండు పప్పు రెండుగా చీలుతుంది. ఒకే గదిలో ఒకే పూట ఈ రెండూ జరుగుతాయి. వేడి వచ్చే వైపు ట్రేలు ముందు ఎండుతాయి, ఎదురు మూలవి వెనకబడతాయి. అందుకే మధ్యలో ట్రేలు మార్చి పెడతారు. ఎప్పుడు మార్చాలన్నది సూపర్‌వైజర్ గారి చేతి లెక్క.

మేము కట్టింది ఆరు చోట్ల వేడి కొలిచి, పది సెకన్లకోసారి మెమరీ కార్డులో రాసే పెట్టె. ఏడు గంటల బ్యాచికి ఒక్కో సెన్సరుకి 2,520 వరసలు వస్తాయి.

వారం 1: ఎదురుగా కూర్చునేది ఎవరు

కాలేజీ రివ్యూకి చేసిన స్లైడ్లు 28 ఉన్నాయి. లక్ష్యం, పూర్వ పరిశోధనలు, బ్లాక్ డయాగ్రం, పద్ధతి, ఫలితాలు, భవిష్యత్తు, కృతజ్ఞతలు. రివ్యూలో మార్కులు ఈ వరస చూసే వేస్తారు కాబట్టి అక్కడ తప్పు లేదు. ఫ్యాక్టరీ వాళ్ల దగ్గర ఇదే వరస పెడితే అసలు సంగతి పదిహేడో స్లైడు దాకా రాదు. అప్పటికి సగం మంది ఫోన్లో ఉంటారు.

అందుకని స్లైడ్లు ముట్టుకోకుండా ముందు వచ్చేవాళ్ల జాబితా రాశాం: ఫ్యాక్టరీ యజమానులు నలుగురు, బోర్మా సూపర్‌వైజర్లు ఇద్దరు, బాయిలరూ మోటార్లూ చూసే ఎలక్ట్రీషియన్ ఒకరు, విశాఖలో ఆటోమేషన్ పని చేసి వచ్చిన ఇంజనీరు ఒకరు. ఒక్కొక్కరి పేరు పక్కన ఒకే ప్రశ్న: ఈయన ఇంటికి వెళ్లేటప్పుడు మనసులో ఏం ఉండాలి? యజమానికి డబ్బు లెక్క. సూపర్‌వైజరుకి ట్రే ఎప్పుడు మార్చాలన్నది. ఎలక్ట్రీషియన్‌కి ఇది పాడైతే తన నెత్తిన పడుతుందా లేదా. ఇంజనీరుకి కొలతని నమ్మొచ్చా లేదా. ఈ నాలుగింటికీ సంబంధం లేని స్లైడు ఏదైనా తీసేయాలని పెట్టుకున్నాం. 28లో 6 మిగిలాయి. తర్వాత మూడు కొత్తవి కలిపి 9 చేశాం.

మాటలు కూడా మార్చాం. ‘ఉష్ణోగ్రతా వ్యత్యాసం’ అంటే అక్కడ ఎవరూ అనరు. ‘హీటు తేడా’ అంటారు. కెర్నెల్ అని రాసిన ప్రతిచోటా పప్పు అని, హోల్స్ అన్నచోట గుండు, స్ప్లిట్స్ అన్నచోట బద్ద అని పెట్టాం. గ్రేడు పేర్లు మాత్రం వాళ్లు వాడేవే ఉంచాం. డబ్ల్యూ 320 అంటే పౌనుకి 300 నుంచి 320 గుండ్లు అని వాళ్లకి వివరించబోవడం చేపకి ఈత నేర్పడమే. ఆ స్లైడు ఒకటి ఉండేది, తీసేశాం.

వారం 2: డబ్బు లెక్క

యజమాని ముందు గ్రాఫు కంటే ముందు అంకె పెట్టాలి. ఆ అంకె వచ్చిన దారి ఇది.

9 శాతం తేమ ఉన్న 100 కిలోల పప్పులో నీళ్లు పోను అసలు పదార్థం 91 కిలోలు. బోర్మాలో ఆ 91 మారదు, నీళ్లే తగ్గుతాయి. 4 శాతం దగ్గర ఆపితే బరువు 91ని 0.96తో భాగించినంత, అంటే 94.8 కిలోలు. 3 శాతం దాకా లాగితే 91 భాగారం 0.97, 93.8 కిలోలు. అంటే ఒక్క శాతం ఎక్కువ ఎండితే క్వింటాలుకి దాదాపు కిలో బరువు గాలిలో కలిసినట్టు. కిలో జీడిపప్పు ధర అక్కడున్న ప్రతి ఒక్కరికీ నోటికి వచ్చు, మేము చెప్పక్కర్లేదు. ఈ ఒక్క లెక్కతో రెండో స్లైడు నింపాం.

చూడ్డానికి చాలా బాగుంది. కాలేజీలో ముగ్గురు మాస్టార్లకి చూపిస్తే ముగ్గురూ మెచ్చుకున్నారు. ఈ స్లైడే హాల్లో మొదట కూలింది. ఆ సంగతి తర్వాత.

వారం 3: సెన్సర్లు, 85 గొడవ

ఇంజనీరుని ఒప్పించాలంటే కొలత గట్టిగా ఉండాలి. మేము వాడినవి స్టీలు గొట్టంలో వచ్చే డీఎస్18బీ20 అనే వేడి కొలిచే ప్రోబులు ఆరు. ఒకే మూడు తీగల మీద ఆరూ వేలాడతాయి, ఒక్కోదానికి సొంత నంబరు ఉంటుంది. డేటా తీగకీ 3.3 వోల్టులకీ మధ్య 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టరు పెట్టమని పుస్తకంలో ఉంటుంది. మా తీగల మొత్తం పొడవు 18 మీటర్లు దాటాక రీడింగులు మధ్యమధ్య ఎగిరిపోయాయి. 2.2 కిలో ఓమ్‌లకి దించాక నిలిచింది. ఆరు తీగల్ని ఒకేచోట చుక్కలా కలపడం కంటే ఒకే పొడవాటి తీగ వేసి, దారిలో చిన్నచిన్న కొమ్మలుగా ప్రోబులు తగిలించడం మేలు. చుక్కలా కలిపితే సిగ్నలు ప్రతి కొస నుంచీ వెనక్కి కొట్టుకొస్తుంది.

మొదట గాలిలో తేమ కోసం డీహెచ్‌టీ22 అనే సెన్సరు పెట్టాం. దాని హద్దే 80 డిగ్రీలు. 75 దాకా పోయే గదిలో దాన్ని హద్దు పక్కనే కూర్చోబెట్టడం తెలివైన పని కాదు. తీసేసి, 125 దాకా ఓర్చుకునే ఎస్‌హెచ్‌టీ31 ఒకటి గాలి బయటికి పోయే చోట పెట్టాం.

ప్రోబుతో వచ్చే నల్ల తీగ చాలావాటిలో మామూలు పీవీసీదే. 75 దగ్గర వారాల తరబడి ఉంటే మెత్తబడి, ట్రే అంచు రాసుకున్నచోట లోపలి రాగి బయటపడుతుంది. గది లోపలి భాగానికంతా సిలికాన్ గొట్టం తొడిగాం. పెట్టె మాత్రం బయటే. రేకు గోడల లోపల పెడితే వైఫై బయటికి రాదు, పైగా ఆ వేడిలో బోర్డు బతకదు.

ఆరు ప్రోబుల్నీ ఒకదానితో ఒకటి సరిచూడడం: నలగ్గొట్టిన ఐసు, నీళ్లు కలిపి సున్నా దగ్గర ఒకసారి, ఫ్లాస్కులో 70 డిగ్రీల నీళ్లు పోసి గాజు థర్మామీటరుతో పాటు ఇంకోసారి. సున్నా దగ్గర కంటే 70 దగ్గర చూడడమే ముఖ్యం, మనం పనిచేసేది అక్కడే. ఆరింట్లో ఒకటి 1.1 డిగ్రీ ఎక్కువ చూపించింది. ఈ ప్రోబుల్లో నకిలీ చిప్పులు బజారులో చాలా తిరుగుతున్నాయి. అర డిగ్రీ లోపు తప్పు అని డేటాషీటు చెప్పినంత మాత్రాన చేతిలో ఉన్నది అలా ఉంటుందని కాదు. దాన్ని మార్చేశాం.

ఇక 85. డీఎస్18బీ20కి కరెంటు అందగానే దాని లోపల ముందుగా ఉండే విలువ సరిగ్గా 85 డిగ్రీలు. 12 బిట్లలో కొలవడానికి దానికి 750 మిల్లీసెకన్లు పడుతుంది. అది కొలవకముందే చదివితే, లేదా మధ్యలో తీగ ఒక్క క్షణం వదులై కరెంటు పోయి వస్తే, 85 అని చెబుతుంది. ఫ్రిజ్జు కొలిచేవాళ్లకి ఇది చూడగానే తెలిసిపోయే తప్పు. బోర్మాలో అలా కాదు. 72 దగ్గర నడిచే గదిలో 85 అంటే ఎవరైనా నమ్మేస్తారు, పరిగెత్తి మంట తగ్గిస్తారు. రెండుసార్లు అలా ఉత్తుత్తి అలారం మోగింది. రెండుసార్లూ వదులైన స్క్రూ టెర్మినలే కారణం.

85 వస్తే పారేయమని రాయడం కుదరదు, నిజంగా 85 వచ్చిన రోజు అలారం మోగదు. చేసింది ఇది: ఈ సెన్సరు 0.0625 డిగ్రీల మెట్లలో చెబుతుంది. నిజంగా వేడెక్కుతుంటే 84.9375, 85.0625 లాంటివి చుట్టుపక్కల కనబడాలి. ముందు రీడింగుకి 5 డిగ్రీల కంటే దూరంగా, సరిగ్గా 85.0000 వస్తే వెంటనే మళ్లీ చదవమన్నాం. వరసగా మూడుసార్లు అదే వస్తే అలారం బదులు ‘తీగ చూడండి’ అని చూపించమన్నాం. తీగ పూర్తిగా తెగితే సెన్సరుని చదివే సాఫ్ట్‌వేర్ లైబ్రరీ మైనస్ 127 ఇస్తుంది, దానికీ అదే మాట.

దీన్ని స్లైడులో పెట్టాలా, దాచాలా అని జట్టులో వాదన నడిచింది. చివరికి ‘ఇది ఎప్పుడు అబద్ధం చెబుతుంది’ అని ఏకంగా ఒక స్లైడు చేశాం.

వారం 4: హాల్లోకి బోర్మా రాదు

డెమోకి చిన్న వేడి గది కావాలి. థర్మాకోల్ పెట్టె సులువుగా దొరుకుతుంది కానీ ఈ పనికి వద్దు. బల్బు పక్కన అది 80-90 డిగ్రీలకే మెత్తబడి కుంగుతుంది, అంటుకుంటే నల్లటి పొగ. 15 కిలోల ఖాళీ నూనె డబ్బా తీసుకున్నాం. లోపల 100 వాట్ల పాత రకం బల్బు ఒకటి పెడితే 55 దగ్గర ఆగిపోయింది. రేకు గోడల నుంచి పోయే వేడీ బల్బు ఇచ్చే వేడీ అక్కడ సమానమైపోతాయి. రెండు బల్బులు పెడితే 80 దగ్గరికి పోయింది, 70 దగ్గర కట్ చేసేలా థర్మోస్టాట్ పెట్టాం. హోల్డర్లు పింగాణీవి. డబ్బాకి ఎర్తు తప్పనిసరి, జనం చేత్తో ముట్టుకునేది అదే. ఎల్‌ఈడీ బల్బులతో ఈ పని జరగదు, వాటిలో వేడి అంత రాదు.

బల్బుల పక్కన మూడు ప్రోబులు, అడుగున మూడు. పైనా కిందా తేడా తెర మీద కనబడుతుంది. బాగానే ఉంది. మూత తీస్తే టక్కున దిగుతుందని చూపించబోతే మాత్రం దిగలేదు. స్టీలు గొట్టంలో ఉన్న ప్రోబు కదలని గాలిలో చాలా నెమ్మది, నిమిషాలు తీసుకుంటుంది. అదే ప్రోబుని వేడినీళ్ల గ్లాసులో ముంచితే కొన్ని సెకన్లలో ఎగబాకుతుంది. కాబట్టి డెమో రెండు ముక్కలు చేశాం: డబ్బా ముందే వేడెక్కి ఉంటుంది, అది తేడా చూపించడానికి. ఫ్లాస్కు నీళ్లు, స్టీలు గ్లాసు ఇది బతికే ఉందని చూపించడానికి. బోర్మాలో ఈ నెమ్మదితనం ఇబ్బంది కాదు, అక్కడ మార్పులు గంటల లెక్క. అయినా ఎవరో ఒకరు అడుగుతారని జవాబు రాసిపెట్టుకున్నాం.

బ్రెడ్‌బోర్డు మీద ఏదీ ఉంచలేదు. శ్రీకాకుళం నుంచి పలాసకి హైవే మీద కుదుపు ఉండదు కానీ, బస్సు పైఅరలో పెట్టి దింపడంలోనే జంపర్ తీగలు ఊడతాయి. అన్నీ చిల్లుల బోర్డు మీద సోల్డరు చేసి, బయటికి వచ్చేవాటికి స్క్రూ టెర్మినళ్లు పెట్టి, ఒక్కోదాన్ని లాగి చూశాం.

నెట్టు మీద ఆధారపడలేదు. పెట్టెని నడిపే ఈఎస్‌పీ32 బోర్డే సొంతంగా వైఫై ఇస్తుంది, ఫోన్లో 192.168.4.1 కొడితే పేజీ వస్తుంది. ఇక్కడో చిక్కు: ఈ వైఫైలో ఇంటర్నెట్ లేదని గమనించి ఆండ్రాయిడ్ ఫోను చెప్పాపెట్టకుండా మొబైల్ డేటాకి మారిపోతుంది, పేజీ తెరుచుకోదు. డెమో ఫోన్లో మొబైల్ డేటా ఆపేయాలి, ‘ఇంటర్నెట్ లేకపోయినా ఇందులోనే ఉండు’ అని ఒకసారి ఒప్పుకోవాలి. కరెంటు పోతే బోర్డు పవర్ బ్యాంకు మీద నడవాలి. కొన్ని పవర్ బ్యాంకులు లాగే కరెంటు మరీ తక్కువైతే వాటంతట అవే ఆగిపోతాయి కాబట్టి తీసుకెళ్లబోయే దానితోనే గంటసేపు నడిపి చూశాం.

వారం 5: రిహార్సలు, హాలు

మొదటి రిహార్సల్లో 12 నిమిషాల ప్రసంగం 19 నిమిషాలు పట్టింది. స్టాప్‌వాచ్‌తో స్లైడు స్లైడుకీ కొలిచాం. బ్లాక్ డయాగ్రం ఒక్కటే నాలుగు నిమిషాలు మింగింది. కట్టినవాళ్లకి అది ముద్దు, వినేవాళ్లకి అందులో ఏమీ లేదు. తీసేసి, పెట్టె మూత విప్పి బల్ల మీద పెట్టాం, కావలసినవాళ్లు వచ్చి చూస్తారు. ఐదుగురం తలా రెండు నిమిషాలు మాట్లాడాలన్న కాలేజీ అలవాటు కూడా వదిలేశాం. మైకు చేతులు మారినప్పుడల్లా పావు నిమిషం పోతుంది, వినేవాళ్లకి దారం తెగుతుంది. మాట్లాడేది ఒకరు, డెమో ఒకరు, టైము చూసేది ఒకరు, ప్రతి ప్రశ్ననీ అడిగిన మాటల్లోనే రాసుకునేది ఒకరు. ఐదోవాళ్లు ప్రశ్న వినగానే ఎవరు జవాబు చెప్పాలో చూపిస్తారు. ఇద్దరు ఒకేసారి నోరు తెరిస్తే జట్టుకి తన పని తనకే తెలీదన్నట్టు ఉంటుంది.

గ్రాఫులో ఆరు రంగుల గీతలు ఉండేవి. వెనక వరసలో కూర్చున్నవాళ్లకి అది పీచు ఉండలా కనబడింది. బాగా వేడెక్కిన ట్రే, బాగా వెనకబడిన ట్రే, ఈ రెండు గీతలే ఉంచి, 65-75 మధ్య లేత బూడిద పట్టీ వేశాం. ఒకటి నిండు గీత, ఇంకోటి చుక్కల గీత, ఎందుకంటే చేతికిచ్చే కాగితం జిరాక్సు షాపులో నలుపు తెలుపుల్లోనే వస్తుంది. ఆ కాగితం ఒకే ఏ4, ముందు లెక్క, వెనక ‘పాడైతే ఏం చేయాలి’. 15 ప్రతులు.

హాలు రెండు రోజుల ముందు చూసి రావడం ఖర్చు దండగ అనిపించింది కానీ నాలుగు గండాలు తప్పించింది. ప్రొజెక్టరుకి వీజీఏ మాత్రమే ఉంది, మా ల్యాప్‌టాప్‌కి హెచ్‌డీఎంఐ మాత్రమే. కన్వర్టరు కొన్నాం. కిటికీలకి తెరలు లేవు, మధ్యాహ్నం వెలుగులో లేత పసుపు అక్షరాలు కనబడవు. తెల్ల నేల మీద నల్ల అక్షరాలు, 28కి తగ్గని సైజు. ప్లగ్గు బల్లకి ఐదు మీటర్ల దూరం. అక్కడి కంప్యూటరులో మా తెలుగు ఫాంటు లేదు, ఒత్తులు పక్కకి జారి ‘పప్పు’ కాస్తా చదవలేని ముక్కలైంది. అన్నీ పీడీఎఫ్‌గా మార్చాం. పీడీఎఫ్‌లో వీడియో ఆడదు, కాబట్టి బోర్మాలో తీసిన 40 సెకన్ల వీడియో విడిగా పెన్‌డ్రైవులోనూ ఫోన్లోనూ.

వారం 6: ఆ మధ్యాహ్నం

మూడు గంటలకి మొదలు. డబ్బా రెండున్నరకే వేడెక్కించి ఉంచాం. మొదటి స్లైడులో మాటలు లేవు: ఒకే బ్యాచిలోని రెండు ట్రేల పప్పు, ఒకదాంట్లో పొట్టు పట్టుకుని ఉంది, ఇంకోదాంట్లో పప్పు మాడు రంగుకి తిరిగింది. సూపర్‌వైజరు ఒకాయన వెంటనే పక్కాయనతో ఇది వెనక మూలది, అది పొయ్యి వైపుది అన్నారు. ఫోటో తన పని తాను చేసింది.

రెండో స్లైడు, కిలో బరువు లెక్క. పూర్తికాకముందే ఒక యజమాని చెయ్యెత్తారు. బోర్మా నుంచి తీసిన పప్పుని నేరుగా పీలింగుకి పంపరు కదా, పెళుసు తగ్గడానికి చెమ్మ పట్టనిస్తారు, ప్యాకింగు నాటికి తేమ మళ్లీ 5 దగ్గరికి వస్తుంది, మరి పోయిందన్న కిలో ఎక్కడ పోయినట్టు అని అడిగారు. ఆయన చెప్పింది నూటికి నూరు పాళ్లూ నిజం. నీళ్లు పోతాయి, నీళ్లు తిరిగి వస్తాయి. అమ్మకం తూకంలో ఆ తేడా మిగలదు. మా లెక్కలో భాగహారం సరిగ్గానే ఉంది, ఫ్యాక్టరీయే లేదు.

ఇలాంటప్పుడు వాదించడం, ‘అయినా కొంత’ అంటూ సాగదీయడం పనికిరావు. మాట్లాడుతున్న మనిషి ‘మీరన్నది నిజం సార్, ఈ లెక్క తీసేస్తున్నాం’ అని మూడో స్లైడుకి వెళ్లిపోవడం ఆ రోజు జరిగిన మంచి పనుల్లో ఒకటి. తిరిగి రానిది ఏమిటో కూడా ఆ యజమానే చెప్పారు: బద్ద అయిన గుండు మళ్లీ గుండు కాదు.

మిగతా ప్రశ్నలు రాసుకున్న వరసలో:

ట్రే తగిలి ఈ గొట్టం ముక్కో, కట్టిన ప్లాస్టిక్ పట్టీ ముక్కో పప్పులో పడితే? ఎగుమతి సరుకులో ఒక్క ముక్క దొరికితే బండి మొత్తం వెనక్కి వస్తుంది. దీనికి మా దగ్గర సగం జవాబే ఉంది. ప్రోబులు పప్పుని తాకవు, గాలిలో వేలాడతాయి. పట్టీలు తెల్లవి వాడాం, అది తప్పు. ఆహార పరిశ్రమలో నీలం రంగు పట్టీలు వాడేది అందుకే, ఆ రంగు తినే సరుకులో దాదాపు ఉండదు కాబట్టి పడితే కంటికి దొరుకుతుంది. ఎన్ని కట్టామో లెక్క పెట్టి, బ్యాచి తర్వాత మళ్లీ లెక్క చూడాలి.

‘ఇది పాడైతే ఎవులొస్తారు బాబూ?’ అని ఎలక్ట్రీషియన్ గారు. కాలేజీ అయిపోయాక మీరు ఎక్కడుంటారో అని ఆయన ఉద్దేశం. వెనక కాగితం చూపించాం: ప్రోబు మార్చడానికి ఒక స్క్రూడ్రైవరు చాలు, మూడు తీగల రంగులు, రెండు విడి ప్రోబులు పెట్టెలోనే ఉంటాయి. ఆయన పెట్టె మూత తీసి, స్వయంగా ఒక తీగ ఊడదీశారు. తెర మీద ‘తీగ చూడండి’ వచ్చింది. మేము అనుకోని డెమో, అన్నిటికంటే బాగా పనిచేసింది.

ఇంజనీరు గారి ప్రశ్న గట్టిది. పరిశ్రమల్లో వేడి కొలవడానికి వాడే పీటీ100 ప్రోబులు, వాటిని చదివి చూపించే ఎనిమిది చానెళ్ల స్కానరు బజారులో రెడీగా దొరుకుతుంటే ఇది ఎందుకు? పైగా డీఎస్18బీ20 అర డిగ్రీ ఖచ్చితత్వం 85 వరకే, అది దాటితే తప్పు రెండు డిగ్రీల దాకా పోవచ్చు, పొయ్యి వైపు గాలి 85 దాటదని ఎవరు చెప్పారు? దీనికీ ఒప్పుకోలే సరైన జవాబు. ఏళ్ల తరబడి గోడకి ఉండాల్సిన పరికరానికి పీటీ100, స్కానరే మేలు. మా పెట్టె విడిభాగాల ఖర్చు నాలుగు వేల లోపే అని చూపించబోతే, విడిభాగాల ధర పరికరం ధర కాదని ఆయనే ఆపారు.

అయితే ఆ స్కానరు ప్రోబులు ఏ ఆరు చోట్ల పెట్టాలో ముందు తెలియాలి. ఒక్కో బోర్మాలో వేడి దారి ఒక్కోలా ఉంటుంది. రెండు వారాలు పెట్టి, ఏ మూల వెనకబడుతోంది, ట్రే ఏ గంటకి మార్చాలి అని తేల్చి, తీసుకెళ్లిపోయే సర్వే పెట్టెగా ఇది సరిపోతుందని ఆయన అన్నారు. ఆరు వారాలుగా మేము రాసుకున్న ప్రాజెక్టు పేరులో ‘శాశ్వత పర్యవేక్షణ వ్యవస్థ’ అని ఉంది.

నాలుగున్నరకి కరెంటు పోయింది. డబ్బా చల్లారింది, పెట్టె నడుస్తూనే ఉంది. దాని గురించి చెప్పడానికి ఇంతకంటే ఏమీ లేదు.

ఆ సాయంత్రం, మర్నాడు

ప్రశ్నలన్నీ 24 గంటల్లో శుభ్రంగా రాసి, మూడు కుప్పలు చేశాం: వెంటనే మార్చేవి, కొలిచి చెప్పాల్సినవి, మా చేతిలో లేనివి. వచ్చిన అందరికీ ఆ పేజీ వాట్సాప్‌లో పంపాం, ధన్యవాదాల పొడుగు ఉత్తరం బదులు. ఇద్దరు యజమానులు తమ బోర్మాలో పెట్టి చూడమన్నారు.

వెంటనే మారినవి: నీలం పట్టీలు, వాటి లెక్క కాగితం. పొయ్యి వైపు ఒకచోట పీటీ100, దాన్ని చదవడానికి మాక్స్31865 బోర్డు. మూడు తీగల పీటీ100 తీసుకున్నాం, రెండు తీగలదైతే తీగ నిరోధమే డిగ్రీలుగా కనబడుతుంది: ఒక డిగ్రీకి మారేది 0.385 ఓమే, సన్నని పొడుగు తీగ అంతకంటే ఎక్కువే కలుపుతుంది. ప్రాజెక్టు పేరు మారింది.

కొలిచి చెప్పాల్సింది బద్ద లెక్క. ఇది అనుకున్నంత సులువు కాదు. ఒకే లాటు పిక్క, ఒకే రోజు బ్యాచి, పొయ్యి వైపు ట్రే నుంచి ఒక కిలో, మధ్య ట్రే నుంచి ఒక కిలో. రెండూ ఒకే అప్ప చేత పీలింగు చేయించాలి, ఎందుకంటే చేతి వాటం వల్ల వచ్చే తేడా వేడి వల్ల వచ్చే తేడా కంటే ఎక్కువ ఉండొచ్చు. ఏది ఏ ట్రేదో ఆవిడకి చెప్పకూడదు. చెమ్మ పట్టే సమయం రెండింటికీ ఒకటే. తర్వాత గుండు, బద్ద, ముక్క విడివిడిగా తూచాలి. ఒక్క బ్యాచితో ఏదీ తేలదు, కనీసం పది కావాలి. కటింగులోనే చీలిన పప్పు ముందే ఏరేయకపోతే ఆ నేరం కూడా బోర్మా మీద పడుతుంది.

ఇక సూపర్‌వైజరు గారు వెళ్తూ వెళ్తూ అన్న మాట: హీటు ఎంతుంటే నాకెందుకు బాబూ, ట్రే ఎంత తేలికైందో చెప్పండి. ఆయన చేత్తో ట్రే ఎత్తి చూసే పద్ధతి అదే. లెక్క వేస్తే: ట్రేలో 8 కిలోల పప్పు 9 శాతం తేమతో మొదలైతే, 4 శాతానికి వచ్చేసరికి 7.583 కిలోలు. అంటే 417 గ్రాములు తగ్గిన క్షణం ట్రే అయినట్టు. ఏ సెన్సరూ చెప్పని మాట తూకం చెబుతుంది. మొదటి తేమ బ్యాచికీ బ్యాచికీ మారుతుంది కాబట్టి 9 అన్నది ప్రతిసారీ ముందే కొలవాలి. 10 శాతంతో మొదలైతే తగ్గాల్సింది 500 గ్రాములు.

బరువు కొలిచే సెన్సరు, అంటే లోడ్ సెల్‌ని గదిలో పెట్టలేం. మామూలు అల్యూమినియం లోడ్ సెల్ 70 డిగ్రీల దగ్గర నమ్మకంగా ఉండదు, వేడికి సున్నా జరుగుతుంది. కాబట్టి అది పైకప్పు బయట, కింద 6 మిల్లీమీటర్ల స్టీలు కడ్డీ, రేకులో 20 మిల్లీమీటర్ల చిల్లు, ఆ చిల్లులోంచి దిగి ట్రేని మోస్తుంది. కడ్డీ అంచుకి తగిలితే వంద గ్రాములు ఎటో పోతాయి. చిల్లు మరీ పెద్దదైతే వేడిగాలి పైకి వచ్చి లోడ్ సెల్‌నే కాలుస్తుంది, మధ్యలో రేకు పళ్లెం అడ్డు పెట్టాలి.

దానికంటే ముందు ఒక పరీక్ష ఉంది. 20 కిలోల లోడ్ సెల్, దాన్ని చదివే హెచ్‌ఎక్స్711 బోర్డు, దానికి 10 కిలోల తూకం రాయి వేలాడదీసి, మామూలు గదిలో ఏడు గంటలు వదిలేయాలి. కదలని బరువు కింద కూడా లోడ్ సెల్ మెల్లగా సాగి రీడింగు జరుగుతుంది. ఆ జరుగుడు 20 గ్రాములు దాటితే 417లో ఇరవయ్యో వంతు అక్కడే పోయినట్టు, ఇంకో సెల్ చూసుకోవాలి. రాయి ఈ ఉదయం తొమ్మిదికి వేలాడదీశాం. పదకొండు గంటలకి 6 గ్రాములు జరిగింది, ఇంకా జరుగుతోంది.